జెండా దిమ్మ నుంచి గేటు దాకా

కొండయ్య మెమోరియల్ ఎయిడెడ్ హైస్కూలు ఇకమీదట 'యవ్వన పాఠశాల' అని కమిటీ ప్రెసిడెంటు యుగంధర్ గారు ఆగస్టు పదిహేనున జెండా తాడు లాగిన చేత్తోనే ప్రకటించారు. జెండా ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. ప్రకటన మాత్రం కోటబొమ్మాళి స్టేషను దాకా వినిపించింది.

"ఈ బడిలో ముసలితనానికి చోటు లేదు. ఇది మా తాతగారి పేరున వెలసిన బడి. ఆయన పోయి అరవై ఏళ్ళయినా ఆయన ఆశయాలు ఇంకా కుర్రతనంలోనే ఉన్నాయి" అన్నారాయన. పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయితేగాని చాక్లెట్లు ఇవ్వరని వాళ్ళకి తెలుసు.

యవ్వనం గురించి మాట్లాడే అర్హత యుగంధర్ గారికి లేకపోతే ఇంకెవరికీ లేదు. పదకొండేళ్ళుగా పార్టీ జిల్లా యువజన విభాగానికి ఆయనే అధ్యక్షుడు. యువకుడిగా అంత అనుభవం ఉన్నవాడు సిక్కోలు జిల్లాలో మరొకడు లేడు.

వెనక వరసలో, డ్రిల్లు మాస్టారు గోపి వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎలీసమ్మ ఈ ప్రకటన విన్నది. ముసలితనం అంటే ఎవరో ఆవిడకి వెంటనే అర్థమైంది. ఆ బడిలో యాభై దాటింది తనూ, ఇనప బీరువా, వంట చేసే దాలమ్మ. బీరువాని ఎవరూ ఏమీ అనలేరు. దాలమ్మని అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఎలీసమ్మ ఆఫీసు సూపరింటెండెంటు. యాభై తొమ్మిదేళ్ళు. ఎడమకాలు రెండేళ్ళ వయసులోనే పోలియోకి పోయింది. చంకలో కర్రతోనే ముప్పై ఏడేళ్ళు ఉద్యోగం చేసింది, ఒక్క లేటు మార్కు లేకుండా. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళూ ఆ కుర్చీలోనే కూర్చుని, తన తేదీకి తాను లేచి, బీరువా తాళాలు తన చేత్తో ఇంకొకరికి ఇవ్వాలని ఆవిడ కోరిక. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు, ఆదివారం చర్చిలో కూడా.

ఆ చుట్టుపక్కల సగం మందికి పుట్టినరోజు పెట్టింది వాళ్ళమ్మ కాదు, ఎలీసమ్మ. ఆ రోజుల్లో ఒకటో తరగతి కూడా ఇక్కడే ఉండేది కనుక తల్లిదండ్రులు గుంటణ్ణి తెచ్చి నిలబెట్టేవారు. ఎప్పుడు పుట్టాడంటే వరదలప్పుడనో, ఆవు ఈనినప్పుడనో చెప్పేవారు. ఎలీసమ్మ వాడి కుడిచెయ్యి తలమీంచి తిప్పి ఎడమచెవికి అందుతుందేమో చూసేది. అందితే ఐదేళ్ళు నిండినట్టు. అప్పుడు ఒక మంచి తేదీ చూసి అడ్మిషన్ రిజిస్టరులో వేసేది. ఆవిడ ఉద్యోగంలో చేరిన ఏడాదే అప్పటి ప్రెసిడెంటుగారి అబ్బాయిని తెచ్చారు. చెయ్యి అందలేదు. అందకపోతే ఇంటికి పంపేస్తారని తెలిసి వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఎలీసమ్మకి జాలేసింది. వాడి మెడ కొంచెం వంచి చెవిని చేతికి అందించింది. ఆ చెవి యుగంధర్ గారిది.

సెప్టెంబరులో కమిటీ మీటింగు జరిగింది. మీటింగులో ఏం మాట్లాడినా మినిట్స్ పుస్తకంలో రాసేది ఎలీసమ్మే. కాబట్టి తన మీద తీర్మానం కూడా ఆవిడే, గుండ్రటి దస్తూరీతో, రాయవలసి వచ్చింది.

"పూర్వం బడిలో సేరడానికి సెవి పరీక్ష ఉండేది. మరి బడిలో ఉండడానికి ఒక పరీక్ష ఉండక్కర్లేదేటి?" అన్నారు యుగంధర్ గారు. మైకు లేనప్పుడు ఆయన మాట సొంత ఊరికి వచ్చేస్తుంది. "జెండా దిమ్మ నుంచి గేటు దాకా నడవాలి. నలభై సెకన్లు. నడవలేనోళ్ళు బడినేటి నడిపిస్తారు?"

ఈ వాక్యానికి కమిటీ మొత్తం తలూపింది. కార్యదర్శి హరిబాబు ప్లీడరు కనుక సగమే ఊపాడు.

"యాభై దాటినోళ్ళకే అని రాస్తే కోర్టు కొట్టేస్తాది సార్. కాలు బాగోనోళ్ళకే అంటే జైల్లో పెట్టినా పెడతాది. అందరికీ అని రాసీండి. అటెండరు కాడ్నుంచి ప్రెసిడెంటు వరకూ. అప్పుడింక వివక్ష అన్నమాటే ఉండదు."

"అయితే నేనూ నడవాలా?"

"మీరు నడవరు సార్, పరుగెడతారు. పేపర్లో వస్తాది."

పేపర్లో వస్తాదన్నాక ఇంక చర్చ అవసరం లేకపోయింది. తీర్మానం నంబరు ఏడు. ప్రతి నెలా మూడో తారీకున పరీక్ష. మూడుసార్లు తప్పినవారు పదవి నుంచి తొలగినట్టే. సంస్థలో పదవిలో ఉన్న ఏ ఒక్కరికీ, ఏ కారణం చేతనూ, మినహాయింపు లేదు. చివరి ముక్క హరిబాబు రెండుసార్లు చదివించుకుని మురిసిపోయాడు.

"కర్రతో నడవొచ్చా బాబూ?" అని అడిగింది ఎలీసమ్మ, తల ఎత్తకుండా.

"కర్ర మీ ఇష్టమమ్మా. యవ్వన పాఠశాలలో స్వేచ్ఛకి లోటు లేదు. సెకన్లు మట్టుకు నలభయ్యే" అన్నారు యుగంధర్ గారు.

ఎలీసమ్మ అదీ రాసింది.

అక్టోబరు మూడున గోపి మాస్టారు సున్నంతో గీత గీసి, స్టాప్‌వాచీ మెడలో వేసుకున్నారు. ఆ బడిలో కాఫీ అయినా శాలువా అయినా ముందు ప్రెసిడెంటుగారికే. పరీక్షలోనూ ఆ మర్యాద తప్పలేదు. ఆయన తెల్ల బూట్లు వేసుకుని పరుగెత్తారు. పంతొమ్మిది సెకన్లు. విలేఖరి ఫోటో సరిగ్గా రాలేదంటే మళ్ళీ పరుగెత్తారు. మళ్ళీ పంతొమ్మిదే.

ఎలీసమ్మకి ఒక నిమిషం యాభై రెండు సెకన్లు పట్టింది. ఎనిమిది వందల మంది పిల్లలు చూస్తున్నారు. వాళ్ళలో చాలామంది తల్లులకీ తండ్రులకీ పుట్టినరోజులు పెట్టిన మనిషి, గీత దాటాక గేటు పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఇందులో అవమానం ఏమీ లేదని తనకి తాను చెప్పుకుంది. అవమానమే. లేకపోతే ఆ మాట చెప్పుకోవలసిన పనేముంది?

"అమ్మగోరూ, ఈ బడిలో పప్పు ఉడకడానికే గంట పడతాది. మీకు నలభై సెకన్లేటి?" అంది దాలమ్మ, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ. "ఆ హరిబాబుని సూడండి. ముప్పై తొమ్మిదిలో గట్టెక్కినాడు. ఇంకా ఆ గోడ కాడ కూకుని రొప్పుతున్నాడు."

తరువాత వారం ఆఫీసుని మేడమీదికి మార్చారు. ఆలోచనలు ఎత్తులో ఉండాలంటే ఆఫీసు కూడా ఎత్తులో ఉండాలని ప్రెసిడెంటుగారి అభిప్రాయం. ఇరవై రెండు మెట్లు. అయితే ఇనప బీరువా మేడమెట్ల మలుపులో ఇరుక్కుంది. అది యువకులు ఆరుగురు పట్టినా కదల్లేదు. చివరికి రిజిస్టర్లు కింద, సూపరింటెండెంటు పైన అని నిర్ణయమైంది. ఎవరికి టీసీ కావాలన్నా ఎలీసమ్మ దిగాలి, చూడాలి, ఎక్కాలి.

ఆవిడ రెండు రోజులు ఎక్కి దిగింది. మూడో రోజు నూతి తాడు, వంటింటి బకెట్టు తెప్పించింది. కిందనుంచి దాలమ్మ రిజిస్టరు బకెట్లో పెట్టేది, ఎలీసమ్మ కిటికీలోంచి లాగేది. సాంబారు వాసనతో ఆ నెల నలభై రెండు సర్టిఫికెట్లు వెళ్ళాయి. ఒక్కదానిలోనూ తప్పు లేదు.

ఆవిడ పక్కన ఇంకో కుర్చీ కూడా వేశారు. అందులో యుగంధర్ గారి మేనల్లుడు దీక్షిత్ వచ్చి కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్ళు. బీటెక్. 'యంగ్ అడ్మినిస్ట్రేటర్ (వెయిటింగ్)' అని బల్లమీద పలక పెట్టుకున్నాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఒక పిల్లకి టీసీ రాయమంటే 'ప్రవర్తన' అన్నచోట 'పెండింగ్' అని రాశాడు.

"పిల్ల ఎలాటిదో నాకు తెలీదు కదాండి" అన్నాడు.

"తెలుసుకోవడానికే బాబూ ముప్పై ఏడేళ్ళు పట్టింది" అంది ఎలీసమ్మ, దిద్దుతూ.

సాయంత్రాలు బడి వదిలాక ఆవిడ జెండా దిమ్మ నుంచి గేటు దాకా నడిచేది. గోపి మాస్టారు టైము చూసేవారు. చంకలో బొబ్బలు లేచాయి. నవంబరు మూడున ఒక నిమిషం ముప్పై ఎనిమిది. పద్నాలుగు సెకన్లు తగ్గించింది. ఇంకా యాభై ఎనిమిది తగ్గాలి. ప్రెసిడెంటుగారు పద్దెనిమిదిలో వచ్చారు.

ఆ రోజే ఆయన మేడమీదికి వచ్చి, ప్రేమగా ఎదుట కూర్చున్నారు.

"అమ్మా, మూడోసారి దాకా ఎందుకు? మీ అంతట మీరే తప్పుకుంటే గౌరవంగా ఉంటాది. ఘనంగా శాలువా కప్పుతాం."

"శాలువాలు నాలుగున్నాయి బాబూ. కుర్చీయే ఒకటి."

ఆయన నవ్వి లేచారు. పెద్దవాళ్ళ మాటలకి నొచ్చుకునే స్వభావం కాదు ఆయనది.

ఇంతలో రాష్ట్ర రాజధానిలో పార్టీ పెద్దలకి కూడా యవ్వనం మీద ప్రేమ పుట్టింది. యువజన విభాగంలో నలభై దాటినవాళ్ళు ఉండకూడదన్నారు. రిజిస్టరు ప్రకారం యుగంధర్ గారికి నలభై రెండు. ఆనాడు ఎలీసమ్మ ఆ మెడ వంచకుండా ఇంకో రెండేళ్ళు ఆగి రమ్మని ఉంటే ఈ చిక్కు వచ్చేదే కాదు. ఆయన ఆమదాలవలసలో ప్రెస్ మీట్ పెట్టి కళ్ళు తుడుచుకున్నారు. వయసు చూసి మనిషిని పక్కన పెట్టడం కంటే అమానుషం లేదన్నారు. ఆ పేపరు బకెట్లో మేడమీదికి వెళ్ళింది. ఎలీసమ్మ రెండుసార్లు చదివి, మడిచి, ఫైల్లో పెట్టింది.

పార్టీ ఆయన్ని మరిచిపోలేదు. జిల్లా విభిన్న ప్రతిభావంతుల సలహా మండలికి చైర్మన్ పదవి ఖాళీగా ఉంది. కారు, గన్‌మాన్, బోర్డు అన్నీ ఉన్నాయి. ఒకటే నిబంధన. చైర్మన్‌కి నలభై శాతం వైకల్యం ఉండాలి.

సేవ చెయ్యాలన్న మనసుంటే శరీరం దానంతట అదే సహకరిస్తుంది. నవంబరు రెండో ఆదివారం కళింగపట్నం బీచిలో మూడు కిలోమీటర్ల వీడ్కోలు పరుగు పరుగెత్తిన మోకాలు, బుధవారానికి నలభై రెండు శాతం పోయింది. యాభై అడుగులు కూడా నడవజాలరని సర్టిఫికెట్ వచ్చింది. శుక్రవారానికి పదవి వచ్చింది.

డిసెంబరు మూడు ప్రపంచ విభిన్న ప్రతిభావంతుల దినోత్సవం. కొత్త చైర్మన్‌గారికి తొలి సన్మానం చదివిన బడిలోనే చెయ్యాలని కమిటీ తీర్మానించింది. ముప్పై ఏడేళ్ళుగా కర్రతో నడిచిన మనిషి ఉన్న బడిలో ఎప్పుడూ లేని ర్యాంపు రెండు రోజుల్లో లేచింది, వేదికకి. శ్రీకాకుళం నుంచి సంక్షేమ శాఖ అధికారిణి విశాలి గారు వచ్చారు. విలేఖరులు వచ్చారు.

యుగంధర్ గారు కొత్త చేతికర్రతో కారు దిగారు.

"పొద్దున్న ఇంటికాడ కుడిసేతినుండీది. ఇప్పుడు ఎడంసేతికి వచ్చీసినాది" అంది దాలమ్మ, ఎవరితోనూ కాకుండా.

ర్యాంపు ఎక్కడానికి ఆయన పడిన కష్టం చూసి ముందు వరస కన్నీళ్ళు పెట్టుకుంది. శాలువా కప్పారు. ఆయన ప్రసంగించారు. విభిన్న ప్రతిభావంతులకి కావలసింది జాలి కాదు, నిబంధనల అమలు అన్నారు. విశాలి గారు ఆ మాట డైరీలో రాసుకున్నారు.

కార్యక్రమం అయిపోయిందనుకున్నారు. హరిబాబు చేతిలో ఉన్న కాగితం ఇంకా అయిపోలేదు. ఎప్పటిలాగే దాన్ని తయారు చేసింది ఎలీసమ్మ. ఆయన చదువుకుంటూ పోయాడు. "తరువాతి అంశం. నేడు మూడో తారీకు అయినందున, తీర్మానం నంబరు ఏడు ప్రకారం నెలవారీ నడక పరీక్ష. మర్యాద ప్రకారం మొదట, గౌరవ ప్రెసిడెంటు..."

అక్కడ ఆయన ఆగాడు.

"ఏమిటా పరీక్ష?" అని విశాలి గారు ఆసక్తిగా అడిగారు. ఎలీసమ్మ లేచి, మినిట్స్ పుస్తకమూ పరీక్షల రిజిస్టరూ తెచ్చి ఆవిడ ముందు తెరిచింది. మినహాయింపు లేదన్న వాక్యం ఉంది. దానికింద ప్రెసిడెంటుగారి సంతకం ఉంది. అక్టోబరు, పంతొమ్మిది. నవంబరు, పద్దెనిమిది. డిసెంబరు గడి ఖాళీగా ఉంది. ఆయన పేరు కింద ఎలీసమ్మ పేరుంది, రెండు ఎర్ర సున్నాలతో.

"అయితే కానివ్వండి" అన్నారు విశాలి గారు, చేతిలో ఉన్న వైకల్య సర్టిఫికెట్ కాపీ పక్కన రిజిస్టరు పెట్టుకుని. "చూస్తాను."

సున్నం గీత పొద్దున్నే గీసి ఉంది. యుగంధర్ గారిని జెండా దిమ్మ దగ్గర నిలబెట్టారు. విలేఖరులు కెమెరాలు ఎత్తారు. ఎనిమిది వందల మంది పిల్లలు చాక్లెట్లు ఇవ్వకుండానే చప్పట్లు కొట్టారు. గోపి మాస్టారు ఈల వేసి స్టాప్‌వాచీ నొక్కారు.

యుగంధర్ గారు ఒక కాలు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. టైము రాయడానికి రిజిస్టరు తిరిగి తీసుకుని పక్కనే నిలబడి ఉన్న ఎలీసమ్మ వైపు ఒరిగారు. గొంతు చాలా తగ్గింది.

"అమ్మా. నడవకుండానే ఏదో ఒకటి రాసీండి. మీ సేతిలో పని కదా."

ఎలీసమ్మ కలం మూత తీసింది. ఆవిడకి మళ్ళీ జాలేసింది కూడాను.

"ఎంత రాయమంటావు బాబూ? నలభైకి లోపా, పైనా?"

యుగంధర్ గారు కుడిచెయ్యి తలమీంచి పోనిచ్చి ఎడమచెవి గోక్కున్నారు. ఇప్పుడు బాగానే అందింది.

"ఇరవై రెండు సెకన్లయింది సార్" అన్నారు గోపి మాస్టారు.