ఐసు ఫ్యాక్టరీ వాటాల ధర

ఆ ఉదయం ఆనంద్ పాల్ పెట్టుకున్నది చిన్న పని. కైకలూరు వెళ్లి, ఒక్క ప్రశ్న అడిగి, మధ్యాహ్నం భోజనానికి ఏలూరు వచ్చెయ్యాలి. అతను ఏలూరులో చేపల మేత తయారుచేసే కంపెనీలో అకౌంటెంటు. కంపెనీకి కైకలూరు ఐసు ఫ్యాక్టరీ ఒకదానిలో వాటాలున్నాయి. వాటిని చూపించి బ్యాంకులో అప్పు తేకపోతే ఆ నెల ఎవరికీ జీతాలు లేవు. ఆడిటరు విశ్వాసం గారేమో, "కొన్న ధర నాకొద్దండీ. ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో కనుక్కురండి" అన్నారు. స్టాక్ మార్కెట్లో లేని వాటాలకు ధర ఎవరు చెబుతారు? సాటి వాటాదార్లే చెప్పాలి.

చేపల వ్యాపారం చేసే రత్నమాణిక్యం గారికి ఆ ఫ్యాక్టరీలో వాటాలు బాగానే ఉన్నాయి. ఆనంద్ పాల్ చేపల మార్కెట్లో ఆవిడ దగ్గరికి వెళ్లి వినయంగా అడిగాడు.

"ఏవండీ, మాటవరసకి... మా కంపెనీ వాటాలు అమ్మితే మీరు ఎంతకి కొంటారండీ?"

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టారు. "అమ్మేస్తున్నారా? ఏమైందండీ?"

"అబ్బే, అమ్మడం లేదండీ. అమ్మితే అని."

"అమ్మనప్పుడు ధరెందుకండీ?"

దానికి అతను చెప్పిన జవాబులో 'సరసమైన విలువ', 'ఆడిటు', 'బ్యాంకు' అన్న మాటలున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లకు చివరి రెండే వినిపించాయి. కొల్లేరులో అక్రమమని చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసి అప్పటికి ఏడాది. కొట్టేసే ముందు కూడా ఇలాగే ఎవరో మర్యాదస్తుడు వచ్చి ప్రశ్నలడిగి వెళ్లాడు.

అతను బస్టాండు చేరేలోగా ఐసు ఫ్యాక్టరీని బ్యాంకు జప్తు చేస్తోందని ఊరంతా పాకిపోయింది. మొన్నటిదాకా నూట ఇరవైకి అమ్మిన వాటా వందకిస్తామని ఒకరు, ఎనభైకైనా సరేనని ఒకరు అతని వెంటపడ్డారు. ఆనంద్ పాల్ హడలిపోయి బస్టాండులో బల్లెక్కాడు.

"ఫ్యాక్టరీకి ఏమీ కాలేదండీ! దయచేసి ఎవరూ అమ్ముకోవద్దండీ!"

దాంతో ధర నలభైకి పడింది. అతను బస్సెక్కేసరికి పదికి ఇస్తామన్నా తీసుకునేవాళ్లు కనబడలేదు. ఇక ఉద్యోగం పోయినట్టే, ఆ సంగతి భార్య మెర్సీకి ఎలా చెప్పాలా అని ఏలూరు దాకా ఏడుపు దిగమింగుకుంటూనే ఉన్నాడు.

ఆఫీసులో ఆడిటరు గారూ, ఓనరు వెంకట్రాజు గారూ కూర్చుని ఉన్నారు. ఆనంద్ పాల్ జరిగిందంతా తలవంచుకుని చెప్పాడు. విశ్వాసం గారు నవ్వారు.

"భయపడి తెగనమ్ముకునే ధర ధరే కాదండీ. తొందర లేనివాళ్లు తొందర లేనివాళ్లకి అమ్మితే వచ్చేదే లెక్క. మొన్నటిదాకా వాటా నూట ఇరవైకి చేతులు మారింది కదా, అదే వేసుకుందాం."

"బతికించారండీ!" ఆనంద్ పాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెంకట్రాజు గారు మాత్రం కొయ్యబారిపోయారు. "అయితే అదంతా పుకారా? మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేసి ఫ్యాక్టరీ మునిగిపోతోందన్నారండీ. ఎంతో కొంత దక్కుతుంది కదాని మన వాటాలన్నీ పదికి ఇచ్చేశాను. కాగితాలు కూడా సంతకం పెట్టి పంపేశాను."

"ఎవరు కొన్నారండీ?" ఆనంద్ పాల్ అడిగాడు.

"రత్నమాణిక్యం గారండీ. ఫ్యాక్టరీకి ఏమీ కాలేదని మీరు బల్లెక్కి మరీ చెప్పారు కదా. ఊరు మొత్తంలో మీ మాట నమ్మింది ఆవిడొక్కరేనన్నమాట."

విశ్వాసం గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"అయితే ఇంక విలువ కట్టే శ్రమ లేదండీ" అన్నారు.