రసాయనాలు లేని రసాయనశాల

రాష్ట్రంలోనే మొట్టమొదటి రసాయన రహిత రసాయన ప్రయోగశాలను నారాయణగూడలో నెలకొల్పుతున్నట్టు మంత్రివర్యులు బుగ్గయ్య గారు చిక్కడపల్లి సన్మాన సభలో ప్రకటించారు. వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చున్న డాక్టర్ బాలత్రిపురసుందరి గారు మైకు పాడైందేమో అనుకున్నారు.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లుగా ఆర్గానిక్ కెమిస్టు. ఏడు దశల్లో తయారయ్యే క్షయ మందును రెండు దశల్లో తేల్చేసే ఉత్ప్రేరకం ఒకటి కనిపెట్టారు. చిక్కల్లా ఒక్కటే, రెండోసారి వాడేసరికి అది నీరసపడిపోతోంది. ఆ నీరసం వదిలించేలోపే రిటైర్మెంటు వచ్చిపడింది. అందుకే ఒక గది, ఆర్నెల్ల గడువు ఇప్పించమని మంత్రిగారికి అర్జీ పెట్టుకున్నారు. మంత్రిగారు దయామయులు. అర్జీలో మొదటి మాట దగ్గరే కరిగిపోయారు. ఆ మాట ఆర్గానిక్.

"మా ఇంట్ల కందిపప్పు గుడ ఆర్గానిక్కేనమ్మా. మందులు కొట్టకుండ కెమిస్ట్రీ చేస్తున్నరంటే మామూలు మాట గాదు."

"అది కాదండీ, ఇక్కడ ఆర్గానిక్ అంటే అర్థం వేరు..."

"జీవో వచ్చేసింది మేడమ్," అన్నాడు పీఏ క్రాంతికుమార్, ఎంతో మర్యాదగా. "ఇగ అర్థమే జర సర్దుకోవాలె."

గది దొరికింది. మూడో అంతస్తు, మంచి గాలి, వెలుతురు. ఒక్క రసాయనం కూడా లోపలికి పోకుండా గుమ్మంలో తనిఖీ అధికారి లక్ష్మయ్య. ఆర్నెల్లలో ఫలితం చూపకపోతే గది యోగా కేంద్రానికి ఇచ్చేస్తారని జీవోలోనే రాసి ఉంది. సుందరి గారికి ఏడుపొక్కటే తక్కువ.

దారి చూపింది ఆవిడ సహాయకురాలు జ్యోత్స్న. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న ఊరి పిల్ల. ప్రభుత్వం ఎలా ఆలోచిస్తుందో సిలబస్ ప్రకారం తెలిసిన మనిషి.

"లక్ష్మయ్య సార్ సీసాల ఏమున్నదో చూడడు మేడమ్, లేబుల్ చూస్తడు. పేర్లు మారుద్దం."

మర్నాటి నుంచి ఫార్మిక్ ఆమ్లం 'చీమల నీళ్లు' అయింది. ఇథనాల్ 'చెరకు సారం'. బెంజాల్డిహైడ్ 'బాదం వాసన'. లక్ష్మయ్య ఒక్కో లేబులూ కూడబలుక్కుని చదివి సంతకం పెట్టాడు. బాదం వాసన కొంచెం పాయసంలోకి అడిగితే, పండక్కి చూద్దామన్నారు సుందరి గారు. చివరి సీసా దగ్గర అతను ఆగాడు.

"ఉత్ప్రేరకం. ఇదేంది మేడమ్?"

"పని త్వరగా అయ్యేలా చూస్తుందండీ. తను మాత్రం మొదట ఎలా ఉందో చివరికీ అలాగే ఉంటుంది."

"రెండో సగం మా ఆఫీసు లెక్కనే ఉన్నది. తీస్కపోండ్రి."

అయిదో నెలాఖరుకు ఉత్ప్రేరకం తొమ్మిదోసారి కూడా మొదటిసారంత హుషారుగా పనిచేసింది. సుందరి గారు జ్యోత్స్న రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేశారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎదురుచూసిన సంతోషం అది. తర్వాత కళ్లు తుడుచుకుని, తయారైన మందు లెక్క కట్టి మంత్రిగారికి ఒక్క వాక్యం నివేదిక పంపారు: దిగుబడి తొంభై రెండు శాతం.

మళ్లీ చిక్కడపల్లి, అదే హాలు, అలాంటిదే శాలువా. ఈసారి వెనక బ్యానరు మీద 'ఉత్తమ సేంద్రియ మహిళా రైతు' అని ఉంది.

"మూడో అంతస్తుల తొంభై రెండు శాతం దిగుబడి," అన్నారు మంత్రిగారు. "ఆ ఎనిమిది శాతం ఏమైందమ్మా, పురుగు తిన్నదా?"

గది గడువు ఇంకా ఇరవై రోజులే ఉంది. అన్నేళ్లలో ఒక్క తప్పుడు అంకె రాయని మనిషి మైకు ముందు కొంచెం ఆలోచించారు.

"గాజుకు అంటుకుపోయిందండీ."

గాజు పురుగు నివారణకు ఉన్నతస్థాయి కమిటీ వేస్తున్నట్టు మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. గది మరో అయిదేళ్లు ఆవిడదే. రెండుసార్లు చదువుకుని, మురిసిపోతూ కిందికి దిగారు. లిఫ్టు ముందు లక్ష్మయ్య పగ్గాలు పట్టుకుని నిలబడ్డాడు. పగ్గాల రెండో చివర, ఉత్తర్వుతో పాటు మంజూరైన జత ఎడ్లు.

"లేబుల్ లేకుంటే లోపలికి పంపరాదు మేడమ్," అన్నాడు.

జ్యోత్స్న పెన్ను మూత తీసింది. "ఏం రాయాలె మేడమ్?"

సుందరి గారు ఎడ్లను చూశారు. ఎడ్లు ఆవిడను చూశాయి.

"ఉత్ప్రేరకాలని రాయమ్మా."