పునాదికి వీడ్కోలు

ప్రభుత్వ కళాశాలలోని సామాజిక శాస్త్రాల శాఖ ఈ ఏడాది కూడా విద్యార్థులతో కళకళలాడుతోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. విద్యార్థులంటే ఒక్క అమ్మాయే. కళకళకు మాత్రం లోటు లేదు.

ఆ అమ్మాయిని శాఖలో అందరూ ‘పునాది’ అని పిలుస్తారు. శాఖాధిపతి గారు పెట్టిన ముద్దు పేరు. ఒక్క విద్యార్థి అయినా లేని శాఖకు తాళం వేసి, అందులోని పంతుళ్ళను తలో దిక్కుకూ బదిలీ చేయాలని పైవాళ్ళ నిబంధన. అందుచేత మూడేళ్ళ చదువును పునాది ఆరేళ్ళుగా చదువుతోంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. ప్రేమ కొద్దీ పరీక్ష తప్పిస్తున్నారు, అంతే.

రాత పరీక్షలన్నిట్లోనూ ఆమెకు మంచి మార్కులే. చివర్న నోటి పరీక్ష ఒకటుంది. అది శాఖవారి చేతిలోది. ‘సమాజం ఎలా నడుస్తుంది?’ అని ఏటా అదే ప్రశ్న. పరస్పర సహకారంతో నడుస్తుందని పునాది పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేది. శాఖాధిపతి గారు కళ్ళు మూసుకుని వినేవారు.

“జవాబులో తప్పు లేదమ్మా. ఇంకా పండలేదు.”

“కాయే,” అని పక్క కుర్చీలోని రాజనీతి మాస్టారు ధ్రువీకరించేవారు.

బోధన విషయంలో శాఖను వేలెత్తి చూపలేం. ప్రజాస్వామ్యం పాఠం ఒంటబట్టాలని రాజనీతి మాస్టారు తరగతి ప్రతినిధి పదవికి ఎన్నిక జరిపించారు. అభ్యర్థి పునాది, ఓటరూ పునాదే. ఓటు రహస్యం గనుక మాస్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. తీరా చూస్తే కాగితం మడత సరిగా లేక ఆ ఓటు చెల్లలేదు. పునాది చిత్తుగా ఓడిపోయింది. ఓటమిని హుందాగా స్వీకరించడం ఎలాగో మర్నాడు పాఠం.

ఒకసారి ఆమెకు జ్వరం వచ్చింది. శాఖ మొత్తం ఇంటికి తరలివచ్చింది. మంచం పక్కన బల్ల వేసుకుని కుటుంబ వ్యవస్థ గురించి పాఠం చెప్పారు. అమ్మ కషాయం తెచ్చినప్పుడు ఆవిడను ఉదాహరణగా వాడుకున్నారు. నూటికి నూరు శాతం హాజరు సాధించిన శాఖగా పైనుంచి ప్రశంస వచ్చింది. యువత సామాజిక శాస్త్రాలకు ఎందుకు దూరమవుతోందని సర్వే కూడా చేశారు. అందుబాటులో ఉన్న యువత పునాదే కాబట్టి ఆమెనే అడిగారు. యువత అంతా ఈ శాఖలోనే చదువుతోందని తేలింది.

వీడ్కోలు సభ మాత్రం ఏటా తప్పనిసరి. దానికి ఒక గుడ్డ బ్యానర్ ఉంది. ఒకవైపు ‘వీడ్కోలు’, రెండోవైపు ‘స్వాగతం’. వేసవికి ముందు ఒకవైపు కడతారు, ఫలితాలు వచ్చాక తిప్పి కడతారు. రెండు సభల్లోనూ ఫొటో తీస్తారు. పంతుళ్ళు కూర్చుంటారు, పునాది వెనక నిలబడుతుంది. ఆ ఫొటోలన్నీ వరసగా పెడితే పంతుళ్ళ జుట్టు పలచబడటం తప్ప చరిత్రలో మార్పేమీ కనిపించదు.

ఇంటి దగ్గర వాళ్ళమ్మది ఇంకో పద్ధతి. దూరపు ఊళ్ళో మేనమామ పనిచేసే గ్రంథాలయంలో పునాదికి ఉద్యోగం ఉంది. పట్టా చూపిస్తే చాలు. రాత పరీక్షలు కాగానే అమ్మ పెట్టె సర్దేది. సర్దుతూ ఏడ్చేది. “బస్సు దగ్గర ఏడిస్తే అపశకునమే, అందుకే ఇప్పుడే కానిచ్చేస్తున్నా,” అనేది. ఫలితాలు రాగానే చీరలు మడత విప్పి మళ్ళీ అలమారలో పెట్టేది.

ఈ ఏడు మేనమామ కబురు చేశాడు. ఇంతకాలం ఎలాగో ఆపగలిగాను, ఇకమీదట ఆ కుర్చీ ఆగదు అని.

పునాది శాఖాధిపతి గారి గదికి వెళ్ళి నిలబడింది. పక్క కుర్చీలో రాజనీతి మాస్టారూ ఉన్నారు.

“ఈసారి నన్ను పోనివ్వండి సార్.”

“పునాది లేచి వెళ్ళిపోతానంటే ఇంటి గతేమిటమ్మా?” అన్నారాయన నొచ్చుకుంటూ. “నేనూ ఈయనా పక్కపక్క కుర్చీల్లోనే ముసలివాళ్ళమయ్యాం. రేపు ఆయన్ని అటూ నన్ను ఇటూ విసిరేస్తారు. విడదీసిన పాపం నీకెందుకు చెప్పు?”

“ఈయన లేకపోతే నా కళ్ళజోడు ఎక్కడుందో నాకెవరు చెబుతారమ్మా?” అన్నారు రాజనీతి మాస్టారు, బల్లంతా తడుముతూ.

“నెత్తిమీదుంది,” అన్నారు శాఖాధిపతి గారు.

రాజనీతి మాస్టారు కళ్ళజోడు దించి పెట్టుకున్నారు. తర్వాత శాఖాధిపతి గారు కిటికీలోంచి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, “ఇంకెవరైనా ఉంటే అది వేరే మాట,” అన్నారు.

పునాదికి ఒక చెల్లెలుంది. అప్పుడే బడి చదువు ముగించింది. ఇంట్లో పాడైన ఫ్యాను, రేడియో, ఇస్త్రీపెట్టె దాని చేతిలో పడితే బతికి బట్టకట్టేవి. మర పనులు నేర్పే చోట చేరాలని దాని కోరిక. అక్క మాటంటే దానికి వేదం.

“మరలదేముందే, అవి చెప్పినట్టు వింటాయి,” అంది పునాది. “మనుషుల్ని చదవాలి. మా శాఖలో ఒక్కొక్కరినీ విడివిడిగా పట్టించుకుంటారు తెలుసా?” ఇది అబద్ధం కాదు.

“అయితే నువ్వెందుకక్కా ఇన్నేళ్ళు?”

“నేను మొద్దుని కాబట్టి. నీకు మూడేళ్ళు చాలు.”

అమ్మ బియ్యం ఏరుతూ అంతా వింటోంది. తలెత్తి పెద్దదాని మొహంలోకి చూసింది, సర్ది ఉన్న పెట్టెకేసి చూసింది. లేచి వెళ్ళి, చిన్నదాని బడి సర్టిఫికెట్లు తీసి బల్లమీద పెట్టింది.

నోటి పరీక్ష రోజున శాఖాధిపతి గారు కళ్ళు మూసుకుని యథాప్రకారం అడిగారు.

“సమాజం ఎలా నడుస్తుంది?”

పునాది వెనక్కి తిరిగింది. తలుపు తీసి, “రావే,” అంది. చెల్లెలు సర్టిఫికెట్లు గుండెకు హత్తుకుని లోపలికి వచ్చి అందరికీ నమస్కారం పెట్టింది.

శాఖాధిపతి గారి కళ్ళు చెమర్చాయి. “ఇన్నేళ్ళకు పండావమ్మా,” అన్నారు. రాజనీతి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మొదటి శ్రేణి ప్రకటించారు.

వీడ్కోలు సభా స్వాగత సభా ఒకే పూట జరగడం శాఖ చరిత్రలో అదే మొదలు. బ్యానర్ గోడకు కట్టే వీలు లేక గది మధ్యలో తాడుమీద వేలాడదీశారు. ఒకవైపు అక్క, ఒకవైపు చెల్లెలు. ఒకరికొకరు కనిపించలేదు. విలువల గురించి శాఖాధిపతి గారు చక్కగా మాట్లాడారు. గుడ్డ కిందినుంచి చెల్లెలు చెయ్యి చాచి అక్క కొంగు పట్టుకుంది. ఫొటోకి నిలబడాలి కాబట్టి పునాది విడిపించుకుంది.

బస్సు దగ్గర అమ్మ ఏడవలేదు. ఏడవాల్సింది ఎప్పుడో అయిపోయింది. పెట్టె పైకందించి, చిన్నదాని భుజం గట్టిగా పట్టుకుని నిలబడింది.

చెల్లెలు తెలివైన పిల్ల. పాఠం మొదటి నెలలోనే పట్టుబడింది. ఈమధ్య సాయంత్రాలు వీధులు తిరుగుతోంది. మీ ఇంటికీ వస్తుంది. మంచినీళ్ళు అడిగి, తిరగని ఫ్యానుంటే బాగుచేసి పెట్టి, మీ పిల్లలు ఏ తరగతికి వచ్చారని ఆప్యాయంగా అడుగుతుంది. మీరు మీ పిల్లల సంగతి మాట మార్చి, పక్కింటివాళ్ళ అమ్మాయి ఈ ఏడే బడి ముగించిందని, చురుకైనదని, వాళ్ళమ్మా నాన్నా సాయంత్రం ఇంట్లోనే ఉంటారని చెప్పి పంపుతారు.

అభినందనలు. నోటి పరీక్షలో మీరూ ఉత్తీర్ణులయ్యారు.