తుడవని చిరునామా

ఏలియా ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నంలోగా ప్రింటర్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములో తప్పు పట్టుకోవాలి, మూడింటికి వచ్చే కొనుగోలుదారు ముందు ప్రింటర్ ఆడించాలి. ఆడితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే. 1987లో కాడుగోడి పక్కన ఆ కంప్యూటర్ కంపెనీలో అతని బతుకు ఆ డ్రైవర్ మీదే వేలాడుతోంది.

తప్పు విచిత్రమైనది. కాగితం అయిపోతే ప్రింటర్ ఆగేది, అది సరే. కాగితం పెట్టి మళ్ళీ మొదలుపెట్టగానే మెషీను మొత్తం బిగుసుకుపోయేది.

భోజనం వేళకు తల నిండా కోడ్ పెట్టుకుని ఇంటికి నడిచాడు. తాళం తీసి వంటింట్లోకి వెళ్తే మూత పెట్టిన పళ్ళెం కనిపించింది. రాగిముద్ద, సొప్పుసారు అనే ఆకుకూర పులుసు. గుంటూరు పిల్ల, తన భార్య రూతు ఇదెప్పుడు నేర్చిందా అని మురిసిపోయి, గోడమీది చాముండేశ్వరి పటం కిందే కూర్చుని మొత్తం లాగించాడు.

ముందు తలుపుకు తాళం వేసుకుని పెరట్లో బట్టలుతుకుతున్న ఒకామె బకెట్టుతో లోపలికి వచ్చి కొయ్యబారిపోయింది.

"ఎవరప్పా నువ్వు?"

"మీరెవరండీ? మా ఇంట్లోకి ఎలా వచ్చారు?" అన్నాడు ఏలియా, ఆఖరి ముద్ద మింగుతూ.

ఆమె పేరు చౌడమ్మ. ఒక్క కేక పెట్టింది. వీధంతా వచ్చింది. ఏలియాను ఎరిగినవాళ్ళు ఆమెను పట్టుకున్నారు, ఎరగనివాళ్ళు అతన్ని పట్టుకున్నారు. చివరికి ఇంటి యజమాని వెంకటేశప్ప వచ్చాడు.

"పోయిన వారమే ఖాళీ చేసినావు కదప్పా. వీళ్ళు చేరి ఉండారు. ఇంకా బీగంచెవి నీ జేబులోనే ఉండాదా?"

ఏలియా చెయ్యి జేబులో తాళంచెవి మీదే ఆగిపోయింది. సిగ్గుతో కాదు. డ్రైవర్ చేస్తున్నదీ ఇదే. కాగితం అయిపోగానే వాడుకున్న మెమరీ జాగా ఖాళీ చేస్తోంది గానీ, ఆ జాగా చిరునామా దాచుకున్న పాయింటర్‌ను తుడవడం లేదు. మళ్ళీ మొదలవగానే పాత చిరునామాకే పోయి, అందులో కొత్తగా చేరిన సరుకును పాడుచేస్తోంది.

తాళంచెవి యజమాని చేతిలో పెట్టి, ఎంగిలి చెయ్యి కడగకుండా పరుగెత్తాడు. ఖాళీ చేసిన ప్రతిచోటా పాయింటర్‌లో సున్నా వేశాడు. సున్నా కనిపిస్తే కొత్త జాగా అడగమని డ్రైవర్‌కు చెప్పాడు.

మూడింటికి అందరి ముందూ కాగితం లాగేశారు, మళ్ళీ పెట్టారు. ప్రింటర్ తడుముకోకుండా సాగింది. మేనేజరు సుబ్బరాయుడు ఏలియా భుజం తట్టాడు. కొనుగోలుకు వచ్చిన ఫ్యాక్టరీ ఇంజనీరు మునిరాజు మాత్రం నీరసంగా కూర్చున్నాడు.

"ఒంట్లో బాగుండలేదా సార్?" అన్నాడు సుబ్బరాయుడు.

"ఆకలప్పా. ఈడే కాడుగోడిలో కొత్తగా ఇల్లు చేరినాము. ఎవడో లోపలికి దూరి నా ముద్ద తినేసి పోయినాడు. మా చౌడమ్మ ఇంకా వణకతా ఉండాది. వాడు దొరికితే వదలను."

ఏలియా వెనక్కి ఒక అడుగు వేశాడు. మునిరాజు సంతకానికి పెన్ను తీసి ఆగాడు.

"అవునూ, ఇన్ని దినాలూ దీంట్లో ఏం తప్పుండె?"

"ఏలియా, సార్‌కు అర్థమయ్యేట్టు ఇంటి ఉదాహరణ ఒకటి చెప్పప్పా," అన్నాడు సుబ్బరాయుడు.

ఏలియా దగ్గర ఉన్న ఉదాహరణ ఒక్కటే.