రాజుగారి పదిహేను జతలు

“నాకు ఒక్క చుక్క నీళ్ళు చాలు. చెరువు ఎవరిదో, అందులో రొయ్యకి ఎప్పుడు జబ్బు చేస్తుందో చెప్పేస్తాను. అలాంటి నేను మొహం చూసి దొంగని పట్టలేనంటావేంటి? ఈ జిల్లాలో నేరస్థులంతా నా పేరు వినగానే పక్క జిల్లాకి బదిలీ పెట్టుకుంటారు.”

ఈ ప్రకటన చేసిన సురేంద్ర భీమవరంలో చెరువు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో టెక్నీషియన్. అపరాధ పరిశోధకుడనే బిరుదు తనకు తనే ఇచ్చుకున్నాడు. విన్నవాడు హైస్కూలు లెక్కల మేస్టారు అనంతకృష్ణ. బండి అతనిది, పెట్రోలు అతనిది, చివాట్లు తినేదీ అతనే. మొన్నటి కేసులో ఈ మహానుభావుడు తప్పిపోయిన పిల్లి కోసం మూడు రోజులు నిఘా వేసి, పక్కింటివాళ్ళ పిల్లిని బంధించి తెచ్చాడు. ఆ గీరిన గాట్లు అనంతకృష్ణ చేతిమీద ఇంకా మానలేదు.

శనివారం పొద్దున్నే పల్లంరాజుగారు కబురు పెట్టారు. అరవై ఎకరాల రొయ్యల చెరువుల ఆసామి. ముప్పై ఏళ్ళుగా తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తప్ప ఒంటిమీద వేరే రంగు ఎరగరు.

“కాబోయే వియ్యంకుడుగారు రేపు విశాఖలో గోల్ఫ్ ఆడదాం రమ్మన్నారండి,” అన్నారు గొంతు తగ్గించి. “అక్కడ కాలరు చొక్కా ఉండాలంట, జీన్సు పనికిరాదంట. రెండు నెలలు వీడియోలు చూసి మరీ కొన్నానండి. ఏ ప్యాంటు మీద ఏ చొక్కా వేసినా నప్పాలి, అదీ అందులో కిటుకు. గులాబీ, నిమ్మపండు, చిలకపచ్చ… మొత్తం పదిహేను జతలు. బీరువా అడుగున దాచాను. పొద్దున చూస్తే ఒక్కటి లేదండి.”

“ఇంట్లో అడిగారాండీ?” అన్నాడు అనంతకృష్ణ.

“మా ఆవిడకి తెలీదండి. ఈ వయసులో గులాబీ చొక్కా కొన్నానని తెలిస్తే ఊరంతా చెప్పుకుని నవ్వుద్ది.”

సరిగ్గా అప్పుడే లక్ష్మీనరసమ్మగారు కాఫీలు తెచ్చి, “ఏం పోయిందండీ?” అని అడిగారు.

“అమ్మా, ఇది అంతర్జాతీయ ముఠా వ్యవహారం. మీకు తెలియకపోవడమే మీకు క్షేమం,” అన్నాడు సురేంద్ర. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయారు.

బట్టల సంగతి తెలిసిన రెండో మనిషి, రాజుగారి ప్రహరీగోడ పక్కన పన్నెండేళ్ళుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న దుర్గాసాయి. సురేంద్ర బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, బొగ్గు తీసి వాసన చూశాడు.

“మంగళవారం ఎనిమిది ఇచ్చారండి. మూడు ప్యాంట్లు, ఐదు చొక్కాలు. అదే సాయంత్రం రాజుగారి చేతికే ఇచ్చేశానండి,” అన్నాడు దుర్గాసాయి.

“విన్నావా? పదిహేను జతలంటే ముప్పై బట్టలు. ఎనిమిదికి ఒప్పుకున్నాడు. ఇరవై రెండు ఏమయ్యాయి?”

అనంతకృష్ణకి తల కొట్టుకోవాలనిపించింది. “ఒరే, మూడు ప్యాంట్లూ ఐదు చొక్కాలూ మార్చి మార్చి వేసుకుంటే పదిహేను జతలవుతాయి. ఉన్న బట్టలు ఎనిమిదే.”

“బడి లెక్కలు వేరు, నేరాల లెక్కలు వేరు. మొదట ఇరవై రెండు నొక్కేశాడు, తర్వాత వచ్చి ఎనిమిదీ లేపేశాడు.”

ముప్పై అనేసరికి, వాళ్ళ వెనకే వచ్చి నిలబడ్డ రాజుగారికి కూడా అదే బాగుందనిపించింది. పోయిన సొత్తు పెద్దదైతే పరువుకి పరువు. “సాయంత్రంలోగా తేలకపోతే నా గోడ దగ్గర ఈ బండి ఉండటానికి వీల్లేదు,” అనేశారు.

“నా పిల్లలిద్దరి చదువూ ఈ బండి మీదేనండి, మేస్టారూ,” అన్నాడు దుర్గాసాయి నెమ్మదిగా. అనంతకృష్ణకి ఒళ్ళు మండింది. పెళ్ళాన్ని ఒక్క మాట అడగడానికి సిగ్గుపడే పెద్దమనిషికి, ఒకడి పొట్ట కొట్టడానికి మాత్రం సిగ్గు లేదు.

మధ్యాహ్నం సురేంద్ర ల్యాబు పని మీద నీళ్ళు పట్టడానికి, అనంతకృష్ణ బండెక్కి రాజుగారి చెరువుకే వెళ్ళాల్సి వచ్చింది. గట్టెక్కాడో లేదో, “ఆగు. ముఠా నాయకుడు,” అన్నాడు గుసగుసగా.

అవతలి గట్టున గులాబీ చొక్కా, టోపీ పెట్టుకుని ఒకడు చేతులు చాపి నిలబడ్డాడు. సురేంద్ర మూడుసార్లు లొంగిపొమ్మన్నాడు. వాడు ఉలకలేదు, పలకలేదు. ఇతను ఒక్క పరుగున వెళ్ళి వాణ్ణి వాటేసుకున్నాడు. కాలు జారి, ఇద్దరూ కలిసి చెరువులో పడ్డారు.

కాపలా ఉండే తలుపులమ్మ పరుగెత్తుకొచ్చింది. “అయ్యో, దిష్టిబొమ్మని పడేశారేంటండీ?”

అనంతకృష్ణ చుట్టూ చూశాడు. ఇంకా రెండు బొమ్మలున్నాయి. ఎవరు కట్టారోగానీ ప్రతి ప్యాంటు మీదా చొక్కా భలే నప్పింది. మిగిలిన రెండు చొక్కాలు కర్రలకి ఎగురుతున్నాయి.

“ఈ బట్టలు ఎక్కడివి?”

“మొన్న చెరువులో సీడు, అదే రొయ్యపిల్లల్ని, వేశాం కదండీ. దిష్టి తగలకుండా ఆసామి ఇంటి బట్టలే కట్టాలి. అమ్మగారు బీరువా అడుగు నుంచి తీసిచ్చారు. ఈ రంగులు మా ఇంట్లో ఎవరూ వేసుకోరు, పట్టుకెళ్ళవే అన్నారు.”

నడుము లోతు నీళ్ళలోంచి సురేంద్ర గులాబీ చొక్కా పైకెత్తి, “నేను ముందే అనుకున్నాను,” అన్నాడు.

ఇల్లు చేరి సంగతంతా చెబితే లక్ష్మీనరసమ్మగారు నవ్వలేదు. “నన్నొక్క మాట అడిగితే కాఫీ చల్లారేలోపు చెప్పేదాన్ని. ఆ ఇస్త్రీ అబ్బాయి మీద పడ్డారేంటండీ, పాపం,” అన్నారు మొగుడితో. అని, అన్నీ ఉతికించి ఎండలో వేయించారు.

నాలుగింటికి రాజుగారే బట్టలు మోసుకుంటూ గోడ దగ్గరికి వచ్చారు. “సర్లేరా, బండి ఇక్కడే ఉంచుకో. తెల్లారే ప్రయాణం. గబగబా ఇస్త్రీ చేసివ్వు.”

దుర్గాసాయి పెట్టె ఊది, నిప్పులు సరిచేసి, పక్కకి జరిగి స్టూలు మీద కూర్చున్నాడు.

“నేను ముట్టుకోనండి. రేపు ఒకటి తగ్గిందంటే నా పిల్లలు రోడ్డున పడతారు. పెట్టె వేడిగా ఉంది, మీరే చేసుకోండి. ఎలాగో నేను చెబుతాను.”

రాజుగారు మేస్టారి వంక చూశారు. మేస్టారు ఆకాశం వంక చూశాడు. వీధిలో జనం ఆగుతున్నారు. వేరే దారి లేక ఆయన తెల్ల చొక్కా చేతులు మడిచి, గులాబీ చొక్కా బల్ల మీద పరిచారు.

“ముందు కాలరండి.”

“అయింది.”

“మడత పోలేదండి. మళ్ళీ చెయ్యండి.”

రాజుగారు మళ్ళీ పెట్టె ఎత్తారు.