ఫ్యాను తిరగట్లేదు

తొమ్మిదింటికి బళ్లో లెక్కల పరీక్ష. ప్రశ్నపత్రాల కట్ట కోడలి సంచిలో ఉంది. ఎనిమిదికి బయల్దేరితే నింపాదిగా చేరొచ్చనుకుంది. కారు స్టార్టయింది గానీ హీటర్ ఫ్యాను తిరగలేదు. చలికి ముందు అద్దమంతా ఆవిరి పట్టేసింది. గుడ్డతో తుడిస్తే అరనిమిషంలో మళ్లీ కమ్ముకుంటోంది.

"టాక్సీలో పోతాను మామయ్యా."

"ఇంట్లో నేనుండగానా?" అన్నారు మామగారు. నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. అప్పటికే డ్యాష్‌బోర్డు కిందికి దూరిపోయారు. కాళ్లు మాత్రం బయటున్నాయి. "ఫ్యూజు పోయుంటుంది. అయిదు నిమిషాలు."

"మోటారేమో. నిన్నంతా కీచుమంది."

"మోటార్ల గురించి నాకు చెప్పకమ్మా."

ఆయన ఊడబెరికిన ఫ్యూజు కిటికీలది. తిరిగి పెట్టబోతే చేజారి సీటు కింద ఎక్కడో పడింది. దించిన కిటికీ అద్దం దించినట్టే ఉండిపోయింది. ఎనిమిదీ ఇరవై అయింది. కోడలికి ఒళ్లు మండిపోతోంది. కానీ ఎదురుగా ఉన్నవి కాళ్లు. కాళ్లతో ఏం పోట్లాడుతుంది? పళ్లు నూరుకుంది.

"అద్దం ఆరితే చాలుగా," అంటూ అత్తగారు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి పార్కింగులోని ప్లగ్గుకి తగిలించారు. టప్పుమంది. బిల్డింగంతా కరెంటు పోయింది. మరుక్షణం ఫోను మోగింది. భర్త.

"ఫ్యాను ఆగిపోయింది," అన్నాడు.

"తెలుసు. అరగంట నుంచీ దాంతోనే చస్తున్నాం."

"తెలిసీ ఊరుకున్నారా? నాకిక్కడ ఊపిరాడట్లేదు."

"కారు ఫ్యానుకీ మీ ఊపిరికీ ఏమిటండీ సంబంధం?"

"కారేమిటి? నేను లిఫ్టులో ఉన్నాను. మూడో అంతస్తుకీ రెండుకీ మధ్య."

ఆ మాట ఆమె కాళ్లకు విన్నవించింది. కాళ్లు కదల్లేదు. "లిఫ్టుల సంగతి నాకు తెలుసు. వాడు భద్రంగానే ఉంటాడు. ముందు ఈ స్విచ్చు చూడనీ."

"కన్నకొడుకండీ," అన్నారు అత్తగారు.

"వాడి ఆఫీసు పదింటికి కదా."

ఎనిమిదీ ముప్పై అయిదు. ఏడేళ్లుగా 'అలాగే మామయ్యా' తప్ప మరో మాట అనని కోడలు, "లేవండి," అంది. ఆ గొంతు విని ఆయన ఉలిక్కిపడి, తల ఠంగున కొట్టుకుని మరీ బయటికొచ్చారు. ఆమె ఆ సీట్లో కూర్చుని, ఏడేళ్ల కోపాన్నీ మడమలోకి తెచ్చుకుని, డ్యాష్‌బోర్డు అడుగున ఒక్క తన్ను తన్నింది.

ఫ్యాను గర్రుమని తిరిగింది. వేడిగాలికి అద్దం కింది నుంచి మెల్లగా తేటపడింది. ఆమె తన్నింది కారునే అయినా, తమకే తగిలినట్టు అత్తామామలిద్దరూ బిగుసుకుపోయి నిలబడ్డారు.

"మోటారు లోపలి బ్రష్షులు అరిగాయి," అన్నారు మామగారు చివరికి, తల రుద్దుకుంటూ. "దెబ్బ పడితే కదులుతాయి. మోటారే పోయింది."

తెరిచిన కిటికీలోంచి కొట్టే చలిగాలికి ఒక చెవి మొద్దుబారిపోగా, తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా ఆమె పేపర్లు అప్పగించింది. ఆపాటికి అత్తగారు మెయిన్ స్విచ్చు ఎత్తి కొడుకుని కిందికి దింపుకున్నారు. పొద్దున్న అలా విరుచుకుపడ్డందుకు ఎన్ని మాటలు పడాలోనని కోడలు సాయంత్రం బిక్కుబిక్కుమంటూ ఇల్లు చేరింది. కొత్త మోటారు రావడానికి నాలుగు రోజులు పడుతుందట. అందాకా ఎక్కడ తన్నాలో తెలిసేలా మామగారు డ్యాష్‌బోర్డు అడుగున సుద్దముక్కతో సున్నా చుట్టి పెట్టారు.