రెండు ఈలల భోజనం

తెల్లవారి ఆరింటి బస్సుకు బయలుదేరబోతూ రైట్‌రైట్ గారు ఇంటిల్లిపాదినీ వరండాలో నిలబెట్టి ప్రయాణంలో పాటించాల్సిన నియమం చెప్పారు. ఇంటిల్లిపాదీ అంటే భార్య, కూతురు, మందుల షాపులో పనిచేసే అల్లుడు. ఆయన ముప్పై నాలుగేళ్లు దూరప్రయాణపు బస్సుల్లో కండక్టరుగా చేసి ఆర్నెల్ల కిందటే రిటైరయ్యారు. వీధివాళ్లు సరదాకి పెట్టిన పేరు ఎంతగా స్థిరపడిపోయిందంటే, పోస్టుమేన్ కూడా అదే పేరుతో పిలిచి ఉత్తరాలు ఇస్తాడు. నియమం ఒక్కటే. బస్సు ఎక్కడ ఆగుతుందో అక్కడ తినకూడదు.

"బస్సు ఆపినందుకు డ్రైవరుకీ కండక్టరుకీ అక్కడ ఊరికే భోజనం పెడతారు. ఆ ఖర్చు ఎవరి ప్లేట్లోంచి లాగుతారనుకున్నారు?" అన్నారాయన.

"మరి మీరు ఇన్నేళ్లూ అక్కడే తిన్నారు కదా మావయ్యగారూ," అన్నాడు అల్లుడు.

"అందుకే ఇంత కచ్చితంగా చెబుతున్నాను."

నిజం చెప్పాలంటే ఈ విద్యలో ఆయనకు ఆయనే సాటి. తక్కువ డబ్బుతో మంచి తిండి ఎక్కడ దొరుకుతుందో రోడ్డు మీద నిలబడి కనిపెట్టేస్తారు. బోర్డు వంక చూడరు. కడిగిన పళ్లేలు ఆరాయా, తడిగానే ఉన్నాయా అని చూస్తారు. తడిగా ఉంటే జనం వస్తున్నట్టు, జనం వస్తుంటే వంట నిలవ లేనట్టు. వంట చేసిన మనిషి తను కూడా అదే గిన్నెలోంచి వడ్డించుకుంటోందా అని చూస్తారు. ఆ తర్వాత ఒక గరిటెడు రుచి చూస్తారు. చుట్టాలు ఎటు ప్రయాణం కట్టినా ముందు ఆయనకే ఫోను చేస్తారు. ఆయన మాట విని కడుపు పాడుచేసుకున్నవాళ్లు గానీ, జేబు ఖాళీ చేసుకున్నవాళ్లు గానీ ఇంతవరకు లేరు.

ఈసారి మాత్రం ఆయనకు కాస్త భయంగా ఉంది. రిటైరైన రోజున భార్యను పిలిచి, ఏం కావాలో కోరుకోమన్నారు. ఆవిడ రెండ్రోజులు ఆలోచించి, నగలూ చీరలూ ఏమీ వద్దని, ఎవరో వడ్డిస్తుంటే కూర్చుని వేడివేడిగా ఒక్క పూట తినాలని ఉందని చెప్పింది. పెళ్లయిన దగ్గర్నుంచి అందరికీ పెట్టి, చివర్న చల్లారిన అన్నం తినడమే ఆవిడకు అలవాటు. ఆ మాట విని ఆయనకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. సముద్రం చూడటానికి వెళుతున్నామని పైకి చెబుతున్నారు గానీ, ప్రయాణమంతా ఆ ఒక్క భోజనం కోసమే. అది గొప్పగా ఉండాలి, పైసా దండగ కాకూడదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు బస్సు పెద్ద హోటల్ ముందు ఆగింది. అద్దాల తలుపులు, రంగుల గొడుగులు చూడగానే జనమంతా బిలబిలమంటూ దిగి లోపలికి పోయారు. రోడ్డుకు అవతల, లారీల వెనక, రేకుల కప్పు కింద ఒక మెస్సు ఉంది. రైట్‌రైట్ గారి కళ్లు దాని మీదే పడ్డాయి. తాను వెళ్లి రుచి చూస్తానని, బాగుంటే రెండు ఈలలు, లేకపోతే ఒక ఈల ఊదుతానని చెప్పి ఆయన రోడ్డు దాటారు. ఫోను చేయొచ్చు కదా అని అల్లుడు అడిగితే, ఫోనుకు సిగ్నల్ కావాలి, ఈలకు ఊపిరి చాలు అన్నారు. డిపోవాళ్లు తిరిగి తీసుకోని ఆ ఇత్తడి ఈల ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది. కూతురూ అల్లుడూ మొహాలు కడుక్కోవడానికి వెళ్లారు. భార్య సంచులకు కాపలాగా బస్సులోనే కూర్చుంది.

మెస్సులో పళ్లేలు తడిగా ఉన్నాయి. మెస్సు నడిపే ఆవిడ లారీవాళ్లకు పెట్టిన గిన్నెలోంచే తనూ వడ్డించుకుంటోంది. ఒక గరిటె కూర నోట్లో పెట్టుకోగానే రైట్‌రైట్ గారి కళ్లు మూతలు పడ్డాయి. తన భార్య ఇక్కడ కూర్చుని తింటుంటే ఎలా ఉంటుందో ఆయనకు కనిపించింది. ఆ ఆనందంలో గుమ్మం బయటికి వచ్చి, గుండెల నిండా గాలి పీల్చి, ముప్పై నాలుగేళ్ల అనుభవమంతా పెట్టి రెండు ఈలలు ఊదారు.

హోటల్ వాళ్లు పెట్టిన భోజనం చకచకా ముగించుకుని వచ్చిన డ్రైవరు, స్టీరింగు మీద తల పెట్టి కునుకు తీస్తున్నాడు. డ్రైవరుకు నిద్రలో కూడా రెండు ఈలలకు అర్థం ఒక్కటే, బస్సు పోనిమ్మని. తల ఎత్తకముందే చెయ్యి తాళం తిప్పింది. కాలు తన పని తాను చేసింది. బస్సు కదిలి వెళ్లిపోయింది.

ఈలలు విని బస్సు దిగబోతున్న భార్య మళ్లీ సీట్లో కూలబడింది. ఇంకెవరైనా అయితే గోల పెట్టేవారు. ఆవిడ పెట్టలేదు. ఈల తన భర్తదేనని ఆవిడకు తెలుసు. బస్సు ఆయన ఈలకే కదిలిందీ తెలుసు. ఇంకా మంచి చోటు ఏదో ఆయన దృష్టిలో పడి ఉంటుందని, బస్సునే అక్కడికి పంపుతున్నారని అనుకుంది. ఆయనకు ఆ మాత్రం పలుకుబడి ఉండకపోదని ఆవిడ గట్టి నమ్మకం. కొంగు సర్దుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇటు రైట్‌రైట్ గారు, భార్యతో సహా బస్సు వెళ్లిపోతుంటే నిలువునా నీరైపోయారు. ఆపడానికి ఒక పొడుగాటి ఈల ఊదారు. బస్సు ఆగలేదు గానీ రెండు లారీలు, ఒక కారు, ఒక నీళ్ల ట్యాంకరు రోడ్డుకు అడ్డంగా ఆగిపోయాయి. హారన్లు విని హోటల్లోని జనం బయటికి పరుగెత్తుకొచ్చారు. డబ్బులు కట్టకుండా పారిపోతున్నారనుకుని యజమాని గేటు వేయించాడు. ఈలోగా పనివాళ్లు సగం తిన్న పళ్లేలన్నీ తీసేశారు. బస్సు పోయె, అన్నం పోయె, డబ్బులు మాత్రం కట్టాల్సి వచ్చె. ఇక జనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది, ఈల ఎవరు ఊదారని.

డ్యూటీలో ఉన్న కండక్టరు ఎంగిలి చేత్తోనే రోడ్డు దాటి వచ్చాడు. డ్రైవరు ఫోను హోటల్ కౌంటరు దగ్గర చార్జింగులో ఉండిపోయింది, రైట్‌రైట్ గారి భార్యకు ఫోనే లేదు, పిలుద్దామంటే దారి లేదు.

"ఊదింది మీరేనా?"

"నేనే బాబూ. తప్పు నాదే. మా ఆవిడ అందులో ఉంది." అన్నారాయన.

ఆ కండక్టరు ఆయన మొహం చూశాడు, ఈల చూశాడు, కోపం కాస్తా ఎటో పోయింది. "మీరా సార్! వినగానే అనుకున్నాను, ఇంత ఊపిరి మా డిపోలో ఇంకెవరికీ లేదు. నాకు పని నేర్పింది మీరే కదండీ," అన్నాడు. కానీ వెనకాల నలభై మంది ఆకలితో వస్తున్నారు. వాళ్లెవరికీ ఆయన పని నేర్పలేదు.

రైట్‌రైట్ గారు అందరినీ మెస్సులో కూర్చోబెట్టి, భోజనాలు తన ఖర్చు అన్నారు. అల్లుడు దగ్గాడు. ఆయన వినిపించుకోలేదు. "ఇంతమందికి వడ్డించడం నా ఒక్కదాని వల్ల కాదన్నయ్యా," అంది మెస్సు ఆవిడ. ఆయన కండువా నడుముకు చుట్టి గిన్నె అందుకున్నారు.

ఆ వడ్డన చూసి తీరాల్సిందే. రెండు బల్లల మధ్య ఇరుకు దారిలో, కదిలే బస్సులో నడిచిన అలవాటుతో, ఒక్క మెతుకు ఒలకకుండా అటూ ఇటూ తిరిగారు. ఎవరికి కూర పడిందో, ఎవరు రెండోసారి అడిగారో, ఎవరు మొహమాటపడి అడగలేదో అన్నీ గుర్తే. తిట్టుకుంటూ వచ్చినవాళ్లు వేళ్లు నాకుతూ ఆయన్ను పొగిడారు. ఆయన చెవులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. తన భార్యకు తప్ప లోకమంతటికీ వేడివేడిగా వడ్డిస్తున్నానని తలచుకుంటే ఆయనకు ఏడుపొచ్చింది. చివరి మనిషి లేచేసరికి గిన్నెలో అడుగు తప్ప ఏమీ మిగల్లేదు.

గంట దాటాక బస్సు తిరిగొచ్చింది. ముందు డ్రైవరు తల వంచుకుని దిగాడు, వెనక ఆవిడ దిగింది. రైట్‌రైట్ గారు ఎదురెళ్లి, ఖాళీ గిన్నె చూపించబోయారు.

"నేను తినేశానండీ," అంది ఆవిడ.

జరిగింది ఇది. దారిలో టోల్ గేటు దగ్గర కాగితాల కోసం కండక్టరును పిలిస్తే గానీ, బస్సులో ఉన్నది ఆవిడొక్కతేనని డ్రైవరుకు తెలియలేదు. వెనక్కి తిప్పాలంటే అక్కడి ఆఫీసరు సంతకం కావాలి, ఆయన రావడానికి అరగంట. గేటు పనివాళ్లకు అప్పుడే భోజనాలు వడ్డిస్తున్నారు. ఒంటరిగా కూర్చున్న పెద్దావిడను చూసి వంటమనిషి కుర్చీ వేసి, చేతులకు నీళ్లు పోసి, పొగలు కక్కుతున్న అన్నం పెట్టింది. వద్దంటున్నా రెండుసార్లు వడ్డించింది. డబ్బులివ్వబోతే పనివాళ్ల భోజనమమ్మా, ఎవరూ కట్టరు అంది.

"ఆ వంట తింటుంటే అనుకున్నానండీ, ఇంత మంచి చోటు మీరు తప్ప ఎవరు కనిపెడతారని. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు," అంది ఆవిడ. ఆ కళ్లలో అంత సంతోషం ఆయన పెళ్లి నాడు కూడా చూడలేదు.

అల్లుడు ఏదో చెప్పబోయాడు. కూతురు అతని కాలు తొక్కింది.

బస్సు కదిలాక ఆవిడ సంచిలోంచి పొట్లం తీసింది. "మీరు తిని ఉండరని కట్టించుకొచ్చాను. చల్లారిపోయింది, ఏమీ అనుకోకండి," అంది. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. అందరూ తిన్నాక చల్లటి అన్నం తినడం ఎలా ఉంటుందో ఆయనకు ఆ వయసులో తెలిసింది. భార్య మీద ఉన్న గౌరవం గొంతుకు అడ్డం పడింది. ఆవిడ నీళ్ల సీసా అందించింది.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్కనాడూ తనది కాని చిల్లర జేబులో వేసుకోని రైట్‌రైట్ గారు, ఆ మెప్పును మాత్రం చప్పుడు చేయకుండా వేసేసుకున్నారు.